బ్యాటరీలో ఎన్ని ట్యాంకుల బలమున్నది?
పొలములో చిన్న విద్యుత్ పరికరములను నడుపుకొనుటకు తెలియవలసిన లెక్క

మన పల్లెలలో టార్చిలైటునే "బ్యాటరీ" అని పిలుచుట వాడుక. చాలాకాలము రైతుకు బ్యాటరీతో గల సంబంధము ఆ టార్చిలైటుతోను, ట్రాన్సిస్టరు రేడియోతోను సరిపోయెడిది. నేడు పరిస్థితి మారినది. అలియాబాద్, శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతములలో కూరగాయలు, ఆకుకూరలు, పూలు పండించు రైతు వీపున బ్యాటరీ స్ప్రేయరు ఉన్నది, తలకు కట్టుకొను దీపమున్నది, కాటాలో బ్యాటరీ ఉన్నది, జేబులో సెల్‌ఫోనున్నది. వీనిలో ఏది ఆగినను ఆ పూట పని చెడును.

తెలంగాణలో 2018 జనవరి 1వ తేదీనుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్ సరఫరా ప్రారంభమైనది. కరెంటు ఉండగా బ్యాటరీతో పనియేమని కొందరికి తోచవచ్చును. కరెంటు తీగ బోరు వద్దకు వచ్చి ఆగును. మందు కొట్టువాని వెంట సాళ్లలో నడువదు. గాలివానకు చెట్టుకొమ్మ విరిగి తీగపై పడినచో రాత్రివేళ బోరు వద్ద దీపముండదు. ఇటువంటి చోట్ల చేతబట్టుకొని పోగల బ్యాటరీయే ఆధారము.

అయితే బ్యాటరీని కొనునప్పుడు "ఇది మంచిదేనా?" అని అడుగువారే గాని "ఇది ఎంత పని చేయును?" అని అడుగువారు తక్కువ. డీజిలు ఇంజనుకు ఎన్ని లీటర్లు పోసిన ఎంతసేపు నడచునో రైతుకు తెలియును. బ్యాటరీకి కూడ అటువంటి లెక్కయే కలదు. అది కష్టమైనది కాదు, ఒక గుణకారము, ఒక భాగాహారము వచ్చిన చాలును. ఆ లెక్కను, దానిని పొలములో సరిచూచుకొను విధానమును, బ్యాటరీ ఎక్కువకాలము మన్నుటకు చేయవలసిన పనులను ఇచట వివరింతుము.

మూడు అంకెలు

ప్రతి బ్యాటరీమీద రెండు అంకెలు ముద్రింపబడి యుండును. ఒకటి వోల్టులు, రెండవది ఆంపియర్-గంటలు. ఇంటి కప్పుమీది నీళ్ల ట్యాంకును తలచుకొనిన ఇవి సులభముగా అర్థమగును. ట్యాంకు ఎంత ఎత్తున ఉన్నదో అది నీటిని తోయు ఒత్తిడి. వోల్టు అట్టిది. గొట్టములో నిమిషమునకు ఎంత నీరు పారుచున్నదో ఆంపియరు అట్టిది. ట్యాంకులో మొత్తము ఎంత నీరున్నదో ఆంపియర్-గంట అట్టిది.

కాని చేయగల పనిని తెలుపునది మూడవ అంకె. దానిని మనమే కట్టుకొనవలెను. వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించిన వాట్-గంటలు వచ్చును. 12 వోల్టుల, 8 ఆంపియర్-గంటల బ్యాటరీలో 12 × 8 = 96 వాట్-గంటల శక్తి ఉన్నది. అనగా 96 వాట్ల పరికరమును ఒక గంట, లేదా 48 వాట్ల పరికరమును రెండు గంటలు నడుపవలసిన శక్తి.

ఆంపియర్-గంటలను మాత్రము చూచి రెండు బ్యాటరీలను పోల్చరాదు. 6 వోల్టుల కాటా బ్యాటరీలో 4 ఆంపియర్-గంటలు, 12 వోల్టుల మరొక బ్యాటరీలో 4 ఆంపియర్-గంటలు ఉన్నవనుకొందము. మొదటిదానిలో 24 వాట్-గంటలే, రెండవదానిలో 48 వాట్-గంటలు. అంకె ఒకటే, పని రెండింతలు.

లిథియం బ్యాటరీలపై 11.1 వోల్టులని గాని, 12.8 వోల్టులని గాని ఉండును. అంగడిలో రెంటిని "12 వోల్టుల బ్యాటరీ" అనియే చెప్పుదురు. 8 ఆంపియర్-గంటలే అయినను మొదటిదానిలో సుమారు 89 వాట్-గంటలు, రెండవదానిలో సుమారు 102 వాట్-గంటలు ఉండును. కావున చీటీపైని అంకెను స్వయముగా చదువవలెను.

ఒక ఎకరము టమాటకు లెక్క

అలియాబాద్‌లో ఒక ఎకరము టమాట వేసిన రైతు 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరుతో మందు కొట్టబోవుచున్నాడని అనుకొందము. ఎకరమునకు 200 లీటర్ల మందునీరు కావలెను. స్ప్రేయరులోని బ్యాటరీ 12 వోల్టుల, 8 ఆంపియర్-గంటల లెడ్-యాసిడ్ రకము. లోపలి చిన్న మోటారు 3 ఆంపియర్లు తీసికొనును, అనగా 12 × 3 = 36 వాట్లు. నాజిలు నుండి నిమిషమునకు ఒక లీటరు మందునీరు వచ్చుచున్నది.

పని ఎంత? 200 లీటర్లు పోవుటకు 200 నిమిషములు, అనగా 3 గంటల 20 నిమిషములు మోటారు నడువవలెను.

బలము ఎంత? చీటీ ప్రకారము 96 వాట్-గంటలు. కాని లెడ్-యాసిడ్ బ్యాటరీనుండి ఈ మొత్తము మనకు దొరకదు. చిన్న లెడ్-యాసిడ్ బ్యాటరీల సామర్థ్యమును సాధారణముగా 20 గంటలపాటు మెల్లగా వాడిన లెక్కపై ముద్రింతురు. రెండు మూడు గంటలలో వేగముగా లాగినచో అంత రాదు. పైగా దానిని అడుగంట ఖాళీచేయుట దాని ఆయుస్సుకు మంచిది కాదు. కావున నాలుగింట మూడు వంతులే లెక్కకు తీసికొనవలెను. 96లో మూడు పాళ్లు 72. దానిని 36తో భాగించిన 2 గంటలు.

రెండు గంటలకు 120 లీటర్లు, అనగా ఏడున్నర ట్యాంకులు. ఎకరమునకు 40 గుంటలు గనుక 24 గుంటలు పూర్తియై, 16 గుంటలు మిగిలిపోవును.

ఈ 16 గుంటలతోనే చిక్కు. ఉదయము ఆరు గంటలకు మొదలిడిన రైతు ఎనిమిదవ ట్యాంకు సగములో ఆగిపోవును. ఇంటికి పోయి ఛార్జింగు పెట్టినచో నిండుటకు ఎనిమిది పది గంటలు పట్టును. అంతలో ఎండ ముదురును, గాలి లేచును. కలిపిన మందునీటిని మరునాటికి నిలువ ఉంచి వాడుట తగదు, అది నష్టమే. చేనులో మందు పడని భాగమున తామరపురుగులు గాని, తెల్లదోమ గాని మిగిలి, మందు పడిన భాగమునకు తిరిగి వ్యాపించును.

ఇంతకన్న కనబడని నష్టము మరొకటి కలదు. బ్యాటరీ ఒక్కసారిగా ఆగదు. చివరి ట్యాంకులో మోటారు మెల్లగా తిరుగును, ఒత్తిడి తగ్గును, సన్నని తుంపర పోయి పెద్ద చుక్కలు రాలును. రైతు అదే వేగముతో నడచుచుండును గనుక ఆ సాళ్లకు మందు తక్కువ పడును. పురుగు చావనప్పుడు మందు కల్తీదని దుకాణదారును నిందించుటకు ముందు బ్యాటరీని కూడ అనుమానింపవలెను.

ఇదే లెక్కను 12 ఆంపియర్-గంటల లెడ్-యాసిడ్ బ్యాటరీకి వేసి చూడవలెను. 12 × 12 = 144, దానిలో మూడు పాళ్లు 108, దానిని 36తో భాగించిన 3 గంటలు. 180 లీటర్లు, 36 గుంటలు. ఇంకను నాలుగు గుంటలు మిగిలినవి. 12.8 వోల్టుల, 12 ఆంపియర్-గంటల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయినచో సుమారు 153 వాట్-గంటలు. ఈ రకమునుండి పదింట తొమ్మిది వంతులు వాడుకొనవచ్చును గనుక 138 వాట్-గంటలు. దానిని 36తో భాగించిన 3 గంటల 50 నిమిషములు. ఎకరము పూర్తియై కొంచెము మిగులును.

అర ఎకరము ఆకుకూర వేసిన రైతుకు మొదటి బ్యాటరీయే చాలును. ఎకరము టమాట రైతుకు అది చాలదు. బ్యాటరీలో లోపము లేదు, లెక్క కుదరలేదు, అంతే. ఎకరమున్న రైతు పెద్ద బ్యాటరీ కొనవచ్చును, లేదా నింపి సిద్ధముగా ఉంచిన రెండవ చిన్న బ్యాటరీని వెంట తీసికొని పోవచ్చును, లేదా చేనును రెండు ఉదయములకు పంచుకొనవచ్చును. ఏది చేసినను ముందుగా తెలిసి చేయుట లాభము.

రెండు మోటార్ల స్ప్రేయరు ఎక్కువ ఒత్తిడి ఇచ్చును గాని కరెంటును కూడ ఎక్కువ తీసికొనును. అట్టివానికి మోటారుపైని చీటీలో ఉన్న ఆంపియర్లను చూచి లెక్కను మార్చుకొనవలెను.

నీళ్లతో పరీక్ష

చీటీపైని అంకెలు కొత్త బ్యాటరీకి చెందినవి. రెండేండ్లు వాడిన దానిలో ఎంత మిగిలినదో చీటీ చెప్పదు. దానిని తెలిసికొనుటకు మీటరు అక్కరలేదు, బక్కెట్టు, గడియారము చాలును.

మొదట స్ప్రేయరును శుభ్రముగా కడిగి, బ్యాటరీని పూర్తిగా నింపి, ట్యాంకులో మంచినీరు పోయవలెను. నాజిలును బక్కెట్టులో ఉంచి సరిగా ఒక నిమిషము వదలి, పడిన నీటిని కొలువవలెను. ఈ అంకెను వ్రాసికొనవలెను. తరువాత ట్యాంకు వెంట ట్యాంకు మంచినీటినే కొట్టుచు, ఎన్ని ట్యాంకులైనవో లెక్కించవలెను. ప్రతి రెండు ట్యాంకులకు ఒకసారి నిమిషపు కొలత తీయవలెను. మొదటి కొలతలో పదవ వంతు తగ్గినప్పుడు ఆపవలెను. అంతవరకు అయిన ట్యాంకుల సంఖ్యయే ఆ బ్యాటరీ యొక్క నిజమైన బలము. వెంటనే తిరిగి ఛార్జింగునకు పెట్టవలెను.

ఆ సంఖ్యను స్ప్రేయరు వీపుపై చెరగని సిరాతో, తేదీతో సహా వ్రాసి ఉంచవలెను. వానాకాలము మొదట ఒకసారి, యాసంగి మొదట ఒకసారి ఈ పరీక్ష చేయుట మంచిది. కొత్తలో ఏడున్నర ట్యాంకులు వచ్చినది ఐదింటికి దిగినచో మూడవ వంతు పోయినదన్నమాట. అప్పటినుండి కొత్త బ్యాటరీకి డబ్బు సిద్ధము చేసికొనవలెను. పంట మధ్యలో అది మొరాయించు వరకు ఆగరాదు.

పనిలో కూడ కొంత పొదుపు సాధ్యమే. ట్యాంకు నింపునప్పుడు, సాలు మళ్లునప్పుడు స్విచ్చి ఆపవలెను. జాలి మూసికొనిపోయినను, నాజిలులో మట్టి చేరినను మోటారు వృథాగా శ్రమించును. మందు కలుపు నీటిని గుడ్డతో వడగట్టుట బ్యాటరీకి కూడ మేలే.

ఇతర పరికరములు

అదే లెక్క అన్నిటికి పనికివచ్చును. బ్యాటరీలోని వాట్-గంటలలో వాడదగిన వంతును పరికరము యొక్క వాట్లతో భాగించిన గంటలు తెలియును.

తలకు కట్టుకొను ఎల్.ఈ.డి. దీపము 3 వాట్లదైనచో, 3.7 వోల్టుల, 2600 మిల్లీ ఆంపియర్-గంటల చిన్న లిథియం గుండుతో సుమారు మూడు గంటలు వెలుగును. వెయ్యి మిల్లీ ఆంపియర్-గంటలు ఒక ఆంపియర్-గంట. రాత్రివేళ స్టార్టరు డబ్బా వద్దకు పోవునప్పుడు ఈ దీపము రెండు ప్రమాదములను తప్పించును. గట్టుపైని పాము కనబడును, రెండు చేతులు ఖాళీగా ఉండును గనుక టార్చిని చంకన పెట్టుకొని తడి చేతితో తడవు అవసరము తప్పును.

సెల్‌ఫోనులోని 5000 మిల్లీ ఆంపియర్-గంటల బ్యాటరీలో సుమారు 19 వాట్-గంటలు పట్టును. 10000 అని ముద్రించిన పవర్ బ్యాంకు రెండుసార్లు నింపవలెను గదాయని అనుకొందుము. దానిలో 10 × 3.7 = 37 వాట్-గంటలున్నవి. వోల్టులు మార్చుటలోను, వేడి రూపమునను సుమారు నాలుగవ వంతు పోవును. మిగిలిన 28 వాట్-గంటలతో ఫోను ఒకటిన్నర సార్లు నిండును. ఇది మోసము కాదు, మార్పిడిలో కలుగు తరుగు.

ఎలక్ట్రానిక్ కాటాలో 6 వోల్టుల, 4 ఆంపియర్-గంటల బ్యాటరీ సాధారణము. అది చాలా తక్కువ శక్తిని తీసికొనును. ఒక వాటు చొప్పున వాడినచో 18 గంటలు నడచును. కాని అందువలననే దానిని మరచిపోవుదుము. బోయిన్‌పల్లి మార్కెట్టుకు గాని, రైతుబజారుకు గాని పోవుటకు ముందురోజు నింపుట అలవాటు చేసికొనవలెను.

12 వోల్టులతో నేరుగా నడచు 15 వాట్ల చిన్న ఫ్యాను పైన చెప్పిన 8 ఆంపియర్-గంటల బ్యాటరీతో దాదాపు ఐదు గంటలు తిరుగును. ఇంటిలోని మామూలు 75 వాట్ల ఫ్యానును ఇన్వర్టరు ద్వారా అదే బ్యాటరీతో నడుపబోయినచో గంట కూడ నిండదు. ఇన్వర్టరు తనకొరకు కూడ కొంత శక్తిని తినును. కావున బ్యాటరీతో వాడు పరికరములను నేరుగా 12 వోల్టులతో నడచువానినే కొనుట ఉత్తమము.

కొన్ని పనులు చిన్న బ్యాటరీకి మించినవి. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచు పరికరము వేయి వాట్లకు అటునిటుగా తీసికొనును. 5 హెచ్.పి. బోరు మోటారు 3700 వాట్లకు మించి తీసికొనును. "ఈ చిన్న పెట్టెతో బోరు నడచును" అని ఎవరైన చెప్పినచో వాట్-గంటలు అడిగి లెక్క వేసిన చాలును, మాట తేలిపోవును.

ఏ రకము కొనవలెను?

ఇటలీ దేశస్థుడు వోల్టా 1800లో మొదటి బ్యాటరీని ప్రకటించెను. ఫ్రాన్సు దేశస్థుడు ప్లాంటే 1859లో, తిరిగి నింపుకొనదగిన సీసపు బ్యాటరీని కనుగొనెను. మన స్ప్రేయర్లలోని లెడ్-యాసిడ్ బ్యాటరీ దాని సంతతియే. లిథియం-అయాన్ బ్యాటరీ 1991లో అంగడికి వచ్చెను. దానికి మూలమైన పరిశోధనలకు గుడ్‌ఎనఫ్, విట్టింగ్‌హామ్, యోషినో అను ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెల్ బహుమానము లభించినది. ఈ పరిశ్రమ మనకు దూరమైనది కాదు. శామీర్‌పేట వద్ద తూంకుంటలోనే హెచ్‌బీఎల్ సంస్థవారి బ్యాటరీ కర్మాగారము కలదు.

లెడ్-యాసిడ్ బ్యాటరీ వెల తక్కువ, బరువు ఎక్కువ. 12 వోల్టుల, 8 ఆంపియర్-గంటలది సుమారు రెండున్నర కిలోలు తూగును. అంతే శక్తిగల లిథియం బ్యాటరీ అందులో సగముకూడ తూగదు. 16 కిలోల నీటిని వీపున మోయువానికి ఆ తేడా సాయంత్రమునకు తెలియును. లోతుగా ఖాళీచేయుచు వాడినచో లెడ్-యాసిడ్ రెండు మూడు వందల దఫాలు వచ్చును. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ వేయికి మించి వచ్చును.

ఇందువలన అందరును లిథియమే కొనవలెనని కాదు. బ్యాటరీ వెలను, అది నిజముగా మీకు పనికివచ్చు దఫాల సంఖ్యతో భాగించి చూడవలెను. సంవత్సరమునకు ఇరువది ముప్పది దఫాలు మందు కొట్టు రైతుకు లెడ్-యాసిడ్ చాలవచ్చును. వారమునకు రెండుమూడు దఫాలు కొట్టు కూరగాయల, పూల రైతుకు, కూలికి మందు కొట్టువారికి లిథియము గిట్టుబాటగును.

మోటారు సైకిలు బ్యాటరీని గాని, ట్రాక్టరు బ్యాటరీని గాని ఈ పనులకు వాడుట పొదుపనిపించును. అవి ఇంజనును లేపుటకు కొన్ని క్షణములు ఎక్కువ కరెంటు ఇచ్చుటకు చేసినవి. గంటలకొలది ఖాళీచేసినచో త్వరలో చెడును.

నింపుట, నిలువచేయుట

లెడ్-యాసిడ్ బ్యాటరీలు ఎక్కువ వాడుటవలన కంటె ఖాళీగా మూల పెట్టుటవలననే ఎక్కువగా చచ్చును. ఖాళీ బ్యాటరీలో సీసపు పలకలపై గట్టి పొర ఏర్పడి, రోజులు గడచినకొలది కరగరానిదగును. కావున ఒక ట్యాంకు కొట్టినను, ఏడు కొట్టినను అదే సాయంత్రము నింపవలెను. పంట లేని నెలలలో కూడ నెలకొకసారి నింపి ఉంచవలెను. "పోయిన ఏడు బాగానే ఉండెను, ఈ ఏడు పనిచేయుటలేదు" అను మాటకు కారణము తరచుగా ఇదియే.

లిథియం బ్యాటరీ విషయము వేరు. దానిని నెలలకొలది నిలువ ఉంచవలసినప్పుడు నిండుగాను కాక, ఖాళీగాను కాక, సగము నింపి చల్లనిచోట పెట్టవలెను.

దేనికి తగిన ఛార్జరు దానికే వాడవలెను. లెడ్-యాసిడ్ ఛార్జరుతో లిథియమును నింపరాదు, లిథియం ఛార్జరుతో లెడ్-యాసిడ్‌ను నింపరాదు. పిన్ను సరిపోయినంత మాత్రమున ఛార్జరు సరిపోయినట్లు కాదు. 8 ఆంపియర్-గంటల లెడ్-యాసిడ్ బ్యాటరీకి ఒకటి, ఒకటిన్నర ఆంపియర్ల ఛార్జరు తగినది. ఎక్కువ ఆంపియర్లతో తొందరపెట్టినచో వేడెక్కి చెడును.

వేడి అన్ని రకములకు శత్రువు. లెడ్-యాసిడ్ బ్యాటరీ ఉన్నచోట ప్రతి 10 డిగ్రీల అధిక వేడికి దాని ఆయుస్సు దాదాపు సగమగును. మే నెలలో రేకుల షెడ్డులోను, ట్రాక్టరు పెట్టెలోను పెట్టుట ఆయుస్సును చేతులార తగ్గించుటయే. పొలమునుండి తెచ్చిన బ్యాటరీని నీడన చల్లారనిచ్చి, తరువాత ఛార్జింగునకు పెట్టవలెను.

సూర్యరశ్మితో నింపుట

చేనువద్ద కరెంటు లేనివారు చిన్న సోలార్ పలకను వాడవచ్చును. నిర్మలమైన ఎండలో 20 వాట్ల పలక రోజుకు సుమారు 5 గంటల పూర్తి ఎండ లెక్కన 100 వాట్-గంటలు ఇవ్వవలెను. దుమ్ము, వేడి, మార్పిడి తరుగు పోగా 65 వాట్-గంటలు చేతికివచ్చును. మనము వాడిన 72 వాట్-గంటలను పూర్తిగా తిరిగి నింపుటకు అది ఒక్కరోజున చాలదు. 40 వాట్ల పలక అయినచో చాలును. అయితే మందు కొట్టు పని ఎక్కువగా ఉండు వానాకాలములోనే మబ్బులుండును. కావున సోలారును తోడుగా భావించి, ఇంటి ఛార్జరును కూడ సిద్ధముగా ఉంచవలెను. పలకను నేరుగా బ్యాటరీకి తగిలింపరాదు, మధ్య ఛార్జ్ కంట్రోలరు తప్పక ఉండవలెను.

తీగ, ఫ్యూజు, జాగ్రత్తలు

12 వోల్టులు షాకు కొట్టవు గనుక ప్రమాదము లేదని అనుకొనరాదు. బ్యాటరీ రెండు కొసలకు పానా తగిలినచో క్షణములో ఎర్రగా కాలి నిప్పు రేగును. కావున ఎరుపు తీగ కొసకు దగ్గరగా ఫ్యూజు ఉండవలెను. 3 ఆంపియర్ల పరికరమునకు 5 ఆంపియర్ల ఫ్యూజు తగినది. ఫ్యూజు పోయినప్పుడు రాగితీగ చుట్టి సరిపెట్టరాదు.

తీగ పొడవు కూడ ముఖ్యము. 36 వాట్లకు 230 వోల్టుల వద్ద 0.16 ఆంపియరు చాలును. 12 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు పారవలెను. ఒక చదరపు మిల్లీమీటరు రాగితీగతో 10 మీటర్ల దూరము లాగినచో, పోను రాను 20 మీటర్లలో 12 వోల్టులలో ఒక వోల్టు తీగలోనే పోవును. దీపము మసకబారును, మోటారు మెల్లబడును. తీగను పొడిగించుటకంటె బ్యాటరీని దగ్గరకు తెచ్చుట మేలు.

ఛార్జింగు పెట్టుచోటు గాలి వచ్చునది, పొడిగానున్నది కావలెను. గడ్డివాము వద్ద, పడక వద్ద, పురుగుమందుల సీసాల వద్ద పెట్టరాదు. లెడ్-యాసిడ్ బ్యాటరీ నిండునప్పుడు మండు వాయువు కొంత వెలువడవచ్చును, దగ్గర బీడీ వెలిగింపరాదు. తడిసిన స్ప్రేయరును తుడిచి ఆరిన తరువాతనే ప్లగ్గు పెట్టవలెను. ఉబ్బిన లిథియం బ్యాటరీని వాడరాదు, నొక్కరాదు, గుచ్చరాదు. దానినుండి పొగ వచ్చినచో పిల్లలను దూరముగా పంపి, ఆ పొగ పీల్చకుండ తామును దూరముగా పోవలెను.

మరొక మాట. అడవిపందుల బెడదకు కంచె తీగకు స్తంభమునుండి నేరుగా కరెంటు ఇచ్చుట ప్రాణములు తీయు పని, నేరము. పందికి పెట్టినది పొరుగు రైతుకు, సొంత బిడ్డకు తగిలిన సంఘటనలు కలవు. కంచె కొరకు ప్రత్యేకముగా తయారుచేసిన, బ్యాటరీతో నడచు యంత్రము తీగలో కరెంటును ఎడతెగక పారనీయదు. సుమారు క్షణమునకొకసారి అతి స్వల్పకాలపు దెబ్బను ఇచ్చి ఆగును. జంతువు బెదరి పోవును, మనిషి చేయి విడిపించుకొనగలుగును. తగిన ప్రమాణముగల యంత్రమును మాత్రమే వాడి, కంచెపై హెచ్చరిక బోర్డులు కట్టవలెను.

పాత బ్యాటరీ

చచ్చిన బ్యాటరీని పగులగొట్టి సీసము తీయుట, బావిలోను కాలువలోను పారవేయుట చేయరాదు. సీసము పిల్లల మెదడుకు హాని చేయును. ఆమ్లము నేలను పాడుచేయును. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము పాతవానిని సేకరించి తిరిగి వాడుకలోనికి తెచ్చు బాధ్యత తయారీదారులపై ఉన్నది. పాత లెడ్-యాసిడ్ బ్యాటరీకి విలువ ఉన్నది. కొత్తది కొనునప్పుడు పాతది ఇచ్చి ధరలో తగ్గింపు అడుగవలెను.

గుర్తుంచుకొనవలసినవి

వోల్టులను ఆంపియర్-గంటలతో గుణించి వాట్-గంటలు కట్టవలెను. లెడ్-యాసిడ్ అయినచో అందులో మూడు పాళ్లు, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయినచో పదింట తొమ్మిది వంతులు మాత్రమే లెక్కకు తీసికొని, పరికరము వాట్లతో భాగింపవలెను. వచ్చిన గంటలను ట్యాంకులలోనికి, ట్యాంకులను గుంటలలోనికి మార్చి చూచుకొనవలెను. పంటకాలము మొదట నీళ్లతో పరీక్షించి ఆ సంఖ్యను స్ప్రేయరుపై వ్రాయవలెను. వాడిననాడే నింపవలెను, చల్లనిచోట ఉంచవలెను.

బ్యాటరీ కొనబోవు రైతులు మోటారు చీటీని, నాజిలు నిమిషపు కొలతను, తమ చేని గుంటలను కాగితముపై వ్రాసికొని రైతువేదికలో వ్యవసాయ విస్తరణాధికారికి చూపినచో లెక్క సరిచూచుకొనుటకు సహాయము లభించును. దుకాణములో గడపు అరగంటకంటె ఈ లెక్కకు పట్టు పది నిమిషములు ఎక్కువ విలువైనవి.